తువ్వాలు పరిచి వెళ్లిపోయిన కుర్చీ ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చినవే. సెలవులకు వెళ్లిన చోట ఈతకొలను పక్కన కూర్చోవడానికి కుర్చీ దొరకలేదన్న సంగతే వాటిలో చాలావాటి సారాంశం. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. ఇంత చిన్న విషయానికి ఇన్ని పుటలా అని కొందరు అనుకోవచ్చు. ఏడాది పొడుగునా కూడబెట్టిన డబ్బుతో, ఎప్పటికో దొరికిన రెండు రోజుల సెలవులో కుటుంబాన్ని తీసుకుని వెళ్లిన చోట, వయసు మళ్లిన మనిషి ఎండలో నిలబడి ఉండగా ఎదురుగా నీడలోని కుర్చీలు తువ్వాళ్లతో ఖాళీగా పడి ఉండటం నాకు చిన్న విషయంగా తోచలేదు.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. వేసవి సెలవులలో మా అత్తయ్యను, పిల్లలిద్దరినీ తీసుకుని మా వారూ నేనూ సముద్రతీరంలోని ఒక రిసార్ట్‌కు వెళ్లాం. రెండు రాత్రులకు గది తీసుకున్నాం. ఉదయం ఏడు గంటలకు పిల్లలు నీళ్లలో దిగుతామంటే అందరం కొలను దగ్గరకు వెళ్లాం. నీడలో ఉన్న పడక కుర్చీలన్నిటి మీదా తువ్వాళ్లు, చేతిసంచులు ఉన్నాయి, మనుషులు లేరు. మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. తొమ్మిదిన్నర దాకా చూసి, ఒక తువ్వాలును మడిచి పక్క బల్ల మీద పెట్టి ఆవిడను కూర్చోబెట్టాను. కాసేపటికి ఆ తువ్వాలు గలావిడ వచ్చి, ‘మా వస్తువులు మీరెలా ముట్టుకుంటారు? మేం ఆరింటికే వచ్చి పెట్టుకున్నాం’ అని అందరి ముందూ గట్టిగా అడిగారు. అత్తయ్య మారు మాట్లాడకుండా లేచి నిలబడ్డారు. మా వారు కూడా నన్నే కోప్పడ్డారు. నేను చేసింది తప్పా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీరు చేసింది తప్పు కాదు. మళ్లీ అటువంటి పరిస్థితి వస్తే మాత్రం ఆ పని మీ చేతితో చేయవద్దని చెబుతాను. ఈ రెండు మాటలకూ కారణాలు ఉన్నాయి.

ఆ కుర్చీ రిసార్ట్ యాజమాన్యానిది. మీరు చెల్లించిన గది అద్దెలో కొలను, దాని చుట్టూ ఉన్న కుర్చీలు, గొడుగులు, స్నానపు గదులు అన్నీ కలిసి ఉంటాయి కనుక, అక్కడ బస చేసిన ప్రతి కుటుంబానికీ వాటిని వాడుకునే హక్కు సమానంగా ఉంటుంది. గది సంగతి వేరు. తాళం వేసుకుని మీరు ఊరంతా తిరిగి వచ్చినా అది మీదే. కొలను పక్కన కుర్చీ మాత్రం దానిలో కూర్చున్నంతసేపూ, లేదా ఇదిగో వస్తానని లేచి వెళ్లిన కాసేపూ మాత్రమే ఒకరిది అవుతుంది. ఒక మునక వేసి రావడానికో, పిల్లవాడిని స్నానపు గదికి తీసుకువెళ్లడానికో, కాఫీ తెచ్చుకోవడానికో లేచినప్పుడు తువ్వాలు వేసి వెళ్లడం న్యాయమే. దానిని ఎవరూ కాదనరు. గదికి వెళ్లి మళ్లీ నిద్రపోవడానికో, టిఫిన్ తిని, తయారై, బయట తిరిగి రావడానికో మూడు గంటల ముందే తువ్వాలు పరిచి పోవడం న్యాయం కాదు.

మన ఆర్టీసీ బస్సులలో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టడం అందరికీ తెలిసిందే. ఆ కర్చీఫ్‌ను తోటి ప్రయాణికులు మన్నిస్తారు. దాన్ని వేసిన మనిషి తలుపు దగ్గర తోపులాటలోనే ఉన్నాడనీ, నిమిషంలో ఎక్కి వస్తాడనీ వారికి తెలుసు. బస్సు కదిలి ఊరు దాటుతున్నా మనిషి జాడ లేకపోతే, దాన్ని పక్కన పెట్టి కూర్చోవడానికి ఎవరూ సందేహించరు. పెట్టిన మనిషి దగ్గరలో ఉన్నంతవరకే గుడ్డకు గౌరవం. ఆరింటికి పరిచి తొమ్మిదిన్నర దాటాక వచ్చిన ఆవిడ తువ్వాలుకు మీరు ఇవ్వవలసిన గౌరవం అప్పటికే ముగిసింది.

ఎంతసేపటి వరకు ఆగాలన్నది మీకు కలిగే తరువాతి సందేహం. ఈ తగాదా మన దగ్గర కొత్తదే గానీ, పెద్ద ప్రయాణికుల నౌకలలో ఏళ్ల తరబడి ఉన్నదే. కార్నివాల్ అనే అమెరికా నౌకా సంస్థ 2013 నుంచి ఒక పద్ధతి పెట్టింది. మనిషి లేని కుర్చీకి సిబ్బంది సమయం రాసిన చీటీ అంటిస్తారు. 40 నిమిషాలు గడిచినా ఎవరూ రాకపోతే వస్తువులు తీసి భద్రపరిచి, కుర్చీని ఇతరులకు ఇస్తారు. రాయల్ కరీబియన్ వారి నౌకలలో ఆ గడువు 30 నిమిషాలు. కనుక అరగంట మొదలు ముప్పావు గంట వరకు ఆగడం మర్యాద అని లెక్క వేసుకోండి. మీరు రెండున్నర గంటలు ఆగారు.

ఇక మీ చేతితో తీయవద్దని ఎందుకు అన్నానో చెబుతాను. తువ్వాలు మడతలో సెల్‌ఫోను, కళ్లజోడు, గది తాళం, ఒక్కోసారి స్నానానికి ముందు తీసిన ఉంగరమో గొలుసో కూడా ఉంటాయి. వస్తువును పక్కకు జరపడం దొంగతనం కాదు. దురుద్దేశంతో తీసుకుంటేనే అది భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కిందకు వస్తుంది. అయినా వస్తువు కనబడకపోతే మొదట వేలు చూపేది జరిపిన మనిషి వైపే. ఆ మాట మీరు పడవలసిన పని లేదు. అంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది. మీరు తీస్తే అది ఇద్దరు అతిథుల మధ్య గొడవ అవుతుంది. రిసార్ట్ మనిషి తీస్తే అది అక్కడి నియమం అవుతుంది. రిసెప్షన్‌కు వెళ్లి, ‘పెద్దావిడ నిలబడి ఉన్నారు, ఈ కుర్చీలలో ఏడు గంటల నుంచి ఎవరూ లేరు, ఒకటి ఇప్పించండి’ అని నెమ్మదిగా, స్పష్టంగా అడగండి. కొలను దగ్గర పనిచేసే అబ్బాయితో వాదించవద్దు. మేనేజరు చెప్పనిదే ఒక అతిథి వస్తువును ముట్టుకునే ధైర్యం ఆ అబ్బాయికి ఎక్కడి నుంచి వస్తుంది?

నా దృష్టిలో ఆ ఉదయం తప్పు చేసినది మీరు కాదు, ఆ తువ్వాలు గలావిడ కూడా ప్రధాన దోషి కారు. ఎన్ని గదులు ఉన్నాయో, ఎన్ని కుర్చీలు ఉన్నాయో తెలిసి కూడా ఒక నియమం పెట్టకుండా, లేదా గోడ మీద రాసిన నియమాన్ని ఒక్కరోజైనా అమలు చేయకుండా, అతిథులను ఒకరి మీదికి ఒకరిని వదిలేసిన యాజమాన్యానిది ఆ తప్పు. నియమం లేని చోట ముందు లేచినవారిదే రాజ్యం. ఈ రోజు ఆరింటికి ఒకరు వస్తే రేపు అయిదున్నరకు మరొకరు వస్తారు, సెలవుకు వచ్చిన మనుషులు తెల్లవారకముందే కుర్చీల కోసం లేస్తారు. మీ వారు మిమ్మల్ని కోప్పడకుండా రిసెప్షన్ దాకా వెళ్లి ఉంటే బాగుండేది. ఈ జవాబును వారికి కూడా చూపించండి.

ప్రశ్న: అయ్యా/అమ్మా, కుర్చీ పట్టేవారందరూ స్వార్థపరులన్నట్టు మాట్లాడతారు. మేం అన్నదమ్ముల కుటుంబాలు కలిసి పదకొండు మందిమి వెళ్లాం. పిల్లలు నీళ్లలో ఉంటే పదకొండు మంది బట్టలు, ఫోన్లు, చెప్పులు ఎక్కడ పెట్టాలి? మా వదినగారు, మా ఆవిడ నీళ్లలో దిగరు, పిల్లలను కనిపెట్టుకుని ఒడ్డునే కూర్చోవాలి. అందుకే ముందుగా వెళ్లి ఆరు కుర్చీలు పట్టాను. ఇందులో తప్పేముంది?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీ ఉత్తరంలో నిజం ఉంది. ఈ విషయం మీద ఇతర దేశాలవారు రాసే దానికీ మన అనుభవానికీ తేడా ఎక్కడ ఉందో మీరు సరిగ్గా చూపించారు.

ఐరోపా నుంచి మధ్యధరా తీరానికి వచ్చేవారు ఎండ కోసం కుర్చీ పడతారు. ఏడాదిలో చాలా నెలలు మబ్బుల కింద గడిపినవారు కనుక రోజంతా ఎండలో పడుకోవడమే వారికి సెలవు. మన తీరంలో రోహిణీకార్తె ఎండలో మిట్టమధ్యాహ్నం ఆ కుర్చీని ఉచితంగా ఇచ్చినా ఎవరూ కూర్చోరు. మన దగ్గర పోటీ అంతా నీడ కోసం, అది కూడా ఉదయం ఏడు నుంచి పది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా. పైగా మన కుటుంబాలలో ఈత రానివారు, నీళ్లలో దిగడానికి ఇష్టపడనివారు ఎక్కువ. చీరతోనో చుడీదార్‌తోనో దిగుతామంటే చాలా చోట్ల ఒప్పుకోరు, ఈత దుస్తులు వేసుకోవడానికి మన పెద్దవాళ్లు ఒప్పుకోరు. అందువల్ల కొలను చుట్టూ నీళ్లలో ఉన్నవారి కంటే ఒడ్డున కూర్చున్నవారే ఎక్కువమంది కనబడతారు. పిల్లల మీద కన్ను వేసి ఉంచే తల్లికీ, పిన్నికీ, నాయనమ్మకూ కుర్చీ విలాసం కాదు, అవసరం.

కనుక మీ వదినగారు, మీ ఆవిడ కూర్చున్న రెండు కుర్చీల గురించి నాకు ఏ అభ్యంతరమూ లేదు. అవి వాడుకలో ఉన్నవి. పెద్దవాళ్లలో నీళ్లలో దిగి ఎక్కుతూ ఉన్నవారికి మరొకటి ఉంచుకున్నా సరే. మిగిలిన మూడు కుర్చీల మీద బట్టలు, చెప్పులు ఉన్నాయని మీరే రాశారు. చెప్పులకు పడక కుర్చీ అక్కరలేదు. అవే కుర్చీలు లేక పక్క కుటుంబంలో ఎవరో నేల మీద కూర్చుని ఉంటారు. మీ వస్తువులన్నీ ఒక పెద్ద సంచిలో వేసి, ఒడ్డున కూర్చున్న మీ వాళ్ల కుర్చీ కింద పెట్టుకోండి. ఫోన్లు, నగలు అసలు కొలను దాకా తేవద్దు, గదిలోనే పెట్టి తాళం వేయండి.

మీరు నిలదీయవలసింది రిసార్ట్‌ను. కొలను పక్కన తాళం వేసుకునే చిన్న పెట్టెలు, బట్టలు తగిలించుకునే కొక్కేలు, చెప్పులకు ఒక అర ఏర్పాటు చేస్తే మన దగ్గర సగం కుర్చీలు వాటంతట అవే ఖాళీ అవుతాయని నా నమ్మకం.

ప్రశ్న: జర్మనీలో ఒక పర్యాటకుడికి కుర్చీ దొరకనందుకు కోర్టు డబ్బు ఇప్పించిందని మా అబ్బాయి చెప్పాడు. నిజమేనా? మన దగ్గర కూడా అలా అడగవచ్చా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు

జవాబు: నిజమే, మాష్టారూ. ఒక జర్మన్ కుటుంబం 2022 లో గ్రీసు దేశపు రోడ్స్ దీవికి ఒక పర్యటనల సంస్థ ద్వారా వెళ్లింది. ప్యాకేజీ ఖరీదు 5,260 యూరోల పైచిలుకు. కుర్చీలను అరగంటకు మించి తువ్వాళ్లతో ఆపి ఉంచరాదని హోటల్‌లో నియమం రాసి ఉంది గానీ, దాన్ని ఎవరూ పాటించలేదు, పాటించేలా సిబ్బంది చూడలేదు. ఆ కుటుంబ పెద్ద ఫిర్యాదు చేసినా ఫలితం లేకపోయింది. ఇంటికి వెళ్లాక కేసు వేస్తే, 2023 డిసెంబరులో హానోవర్‌లోని కోర్టు ఆయనకు 322.77 యూరోలు తిరిగి ఇవ్వాలని తీర్పు చెప్పింది. అంటే చెల్లించిన దానిలో సుమారు ఆరు శాతం.

ఈ తీర్పులో నాకు నచ్చిన అంశం డబ్బు కాదు. ప్రతి అతిథికీ ప్రతి నిమిషమూ ఒక కుర్చీ సిద్ధంగా ఉంచాలని ఆ కోర్టు అనలేదు. అతిథుల సంఖ్యకు తగిన నిష్పత్తిలో కుర్చీలు ఉండాలనీ, నియమం పెట్టిన తరువాత దాన్ని అతిథులు ఉల్లంఘిస్తుంటే పర్యటన అమ్మిన సంస్థ చూస్తూ ఊరుకోకూడదనీ అన్నది. తోటి పర్యాటకుల తువ్వాళ్లను ఆ మనిషే తీసి పారేసి ఉండవచ్చు కదా అన్న వాదనకు అక్కడ చోటు దొరకలేదు. ఆ బాధ్యత అతిథి మీద పడకూడదు.

మన దగ్గర వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉంది. ఇస్తామని చెప్పిన సేవను ఇవ్వకపోవడం, లేదా లోపంతో ఇవ్వడం దాని పరిధిలోకి వస్తుంది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. రిసార్ట్ ఎక్కడ ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకునే వీలు ఆ చట్టం కల్పించింది. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా చేయాలి, అయిదు లక్షల రూపాయల లోపు చెల్లింపులకు సంబంధించిన ఫిర్యాదుకు రుసుము ఉండదు. అంతకంటే ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో సంగతి నమోదు చేయించుకోవచ్చు. చాలా సందర్భాలలో దానితోనే సంస్థ దిగివస్తుంది.

అయితే ఒక పూట కుర్చీ దొరకలేదన్న ఒక్క కారణంతో కమిషన్ మెట్లు ఎక్కమని నేను చెప్పను. ప్రకటనలో కొలను పక్కన విశ్రాంతి గురించి గొప్పగా చెప్పి, ఉన్న రోజులన్నీ ఆ వసతి అందక, మీరు లిఖితపూర్వకంగా అడిగినా పట్టించుకోకపోతే అప్పుడు అది నిలిచే ఫిర్యాదు. అందుకు ఆధారం కావాలి. సమయం కనబడేలా ఖాళీ కుర్చీల ఫోటోలు తీసి ఉంచుకోండి; వాటిలో ఇతర అతిథులు, ముఖ్యంగా ఈత దుస్తులలో ఉన్నవారు పడకుండా చూసుకోండి. మేనేజరుకు అక్కడి నుంచే వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఒక సందేశం పంపండి. నోటి మాటగా చేసిన ఫిర్యాదుకు తరువాత సాక్ష్యం ఉండదు.

ప్రశ్న: నేను తీరప్రాంతంలోని ఒక చిన్న రిసార్ట్‌లో మేనేజరును. అతిథులు కుర్చీల గురించి పోట్లాడుకుంటున్నారు. వస్తువులు తీయిస్తే ఒకరికి కోపం, తీయించకపోతే మరొకరికి కోపం. ఆన్‌లైన్‌లో తక్కువ రేటింగ్ ఇస్తారని యజమాని భయపడుతున్నారు. కుర్చీకి అద్దె పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: ఈ ఉత్తరం రాసినందుకు మిమ్మల్ని అభినందిస్తున్నాను, ఎందుకంటే ఈ సమస్యను తీర్చగల చోట ఉన్నది మీరే.

అద్దె సంగతి ముందు చెబుతాను. బ్రిటన్‌కు చెందిన థామస్ కుక్ సంస్థ 2018 లో, 25 యూరోలు చెల్లిస్తే సెలవు ముగిసేదాకా ఒక కుర్చీని ముందుగానే కేటాయించే పద్ధతి కొన్ని హోటళ్లలో ప్రవేశపెట్టింది. దానివల్ల తెల్లవారుజామున లేచే బాధ తప్పుతుందన్నది నిజమే. కానీ డబ్బు కట్టి మనిషి రాకపోయినా ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది, కట్టలేనివాడు చూస్తూ నిలబడతాడు. గది అద్దెలోనే ఇచ్చిన సౌకర్యానికి మళ్లీ ధర పెట్టడం నాకు సమ్మతం కాదు. మీ రిసార్ట్‌కు వచ్చేవారిలో ఎక్కువమంది మధ్యతరగతి కుటుంబాలవారు. ప్రతిదానికీ వేరే డబ్బు అడుగుతారన్న పేరు వస్తే ఏ రేటింగూ దాన్ని పోగొట్టలేదు.

మొదట మీ గదులు నిండిన రోజున ఎంతమంది కొలను దగ్గరకు వస్తారో, నీడలో ఎన్ని ఆసనాలు ఉన్నాయో లెక్క చూడండి. వారాంతాలలో పగటిపూటకు మాత్రమే వచ్చే బృందాలకు కూడా టికెట్లు అమ్ముతుంటే వారిని కూడా కలపండి; బస చేసినవారికి కుర్చీలు చాలకపోవడానికి చాలా చోట్ల అసలు కారణం అదే. ఆసనాలు తక్కువైతే ఖరీదైన పడక కుర్చీలే కొననవసరం లేదు. మన తీరం పొడుగునా సరుగుడు తోటలు ఉన్నాయి. సరుగుడు గుంజల మీద తాటాకు పందిరి వేసి, దాని కింద వీపు ఆనించుకునే బెంచీలు నాలుగు వేయించండి. మన పెద్దవాళ్లకు పడక కుర్చీలోంచి లేవడం కష్టం. వారికి చేతులున్న మామూలు కుర్చీయే సుఖం. పందిరి కింద మొదటి వరుస వృద్ధులకు, గర్భిణులకు, చంటిపిల్లల తల్లులకు అని బోర్డు పెట్టండి.

తువ్వాళ్లను గదులలో ఉంచకుండా కొలను తెరిచిన తరువాత అక్కడి కౌంటరులో గది నంబరు రాసుకుని ఇవ్వండి. తెల్లవారుజామున పరచడానికి చేతిలో తువ్వాలే లేకపోతే సగం సమస్య అక్కడే ఆగిపోతుంది. నియమాన్ని ఇంగ్లీషులో ఒక మూల కాదు, తెలుగులో పెద్ద అక్షరాలతో కొలను దగ్గరా, గది తాళం ఇచ్చేటప్పుడూ చెప్పండి: మనిషి లేని కుర్చీని 40 నిమిషాలు మాత్రమే ఆపుతాం, ఆపైన వస్తువులను తీసి కౌంటరులో భద్రంగా ఉంచుతాం. చెప్పిన తరువాత ఎవరి విషయంలోనూ సడలించకండి. యజమాని బంధువుల విషయంలో సడలిస్తే ఇక ఆ నియమాన్ని ఎవరూ లెక్కచేయరు.

వస్తువులు తీసేటప్పుడు ఎప్పుడూ ఇద్దరు ఉండాలి. కుర్చీ నంబరు, సమయం ఒక పుస్తకంలో రాయాలి. వస్తువులను ఒక బుట్టలో పెట్టి, అదే నంబరు చీటీ కట్టాలి, కుర్చీ మీద ‘మీ వస్తువులు కౌంటరులో ఉన్నాయి’ అన్న కార్డు వదలాలి. ఇదంతా చేసేది నెలకు కొద్ది జీతం తీసుకునే కుర్రవాళ్లు. అతిథి గొంతు పెంచిన వెంటనే మీరు వారిని పక్కకు నెట్టి క్షమాపణ చెబితే, రేపటి నుంచి వారు ఏ తువ్వాలునూ ముట్టుకోరు. ‘మా వాడు నేను చెప్పినట్టే చేశాడు’ అని మీరు వారి పక్కన నిలబడండి. పోట్లాడినవాడు ఒక నక్షత్రం ఇస్తాడేమో గానీ, పెద్దావిడకు కుర్చీ చూపించిన చోటును గుర్తుపెట్టుకుని మళ్లీ వచ్చే కుటుంబాలు అంతకంటే ఎక్కువ ఉంటాయి.

ప్రశ్న: కొత్తపట్నం తీరానికి వెళ్లినప్పుడు కొందరు ఇసుకలో తాడు కట్టి, కుర్చీలు వేసి, ‘ఈ చోటు మాది, బుక్ అయింది’ అన్నారు. సముద్రం ఒడ్డును కూడా బుక్ చేస్తారా?
– డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: చేయలేరమ్మా. కొలను ప్రైవేటు స్థలంలో ఉంటుంది, అక్కడ యాజమాన్యం నియమం చెల్లుతుంది. ఆటుపోట్లు తాకే ఇసుక ప్రజలందరిదీ. హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఒక మోటల్ చేసిన ఆక్రమణ మీద 1996 లో ఎం.సి. మెహతా – కమల్‌నాథ్ కేసులో తీర్పు చెబుతూ, సముద్రతీరం, పారే నీళ్లు, అడవులు వంటివి ప్రజల తరఫున ప్రభుత్వం కాపాడవలసిన ఆస్తి అని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తీరప్రాంత నిర్మాణాలను నియంత్రించే కేంద్ర ప్రభుత్వపు 2011 నాటి కోస్టల్ రెగ్యులేషన్ జోన్ నోటిఫికేషన్ అయితే, తీరంలోని రెండు హోటళ్ల మధ్య ప్రజలు సముద్రం దగ్గరకు వెళ్లడానికి కనీసం 20 మీటర్ల దారి వదలాలని చెప్పింది.

ఇతర దేశాలలో కూడా దీని మీద ప్రజలు గట్టిగానే నిలబడ్డారు. గ్రీసులోని పారోస్ దీవిలో 2023 వేసవిలో స్థానికులు తువ్వాళ్లు చేతపట్టుకుని ఒడ్డుకు వచ్చి, వ్యాపారుల కుర్చీలు ఆక్రమించిన ఇసుకను తిరిగి ఇమ్మని ఉద్యమించారు. మరుసటి ఏడాది ఆ దేశం నీటి అంచు నుంచి నాలుగు మీటర్ల లోపు కుర్చీలు వేయరాదని నియమం తెచ్చింది. స్పెయిన్‌లోని కాల్పే పట్టణంలో 2024 నుంచి ఉదయం తొమ్మిదిన్నరకు ముందే గొడుగులు, కుర్చీలు పెట్టి చోటు పట్టేవారికి 250 యూరోల దాకా జరిమానా ఉంది.

ఒక్క విషయం మాత్రం మరచిపోవద్దు. మన తీరంలో పట్టపుపాలేలనే తీర గ్రామాల మత్స్యకారులు పడవలు నిలిపే చోటు, వలలు ఆరబెట్టే చోటు ఖాళీగా కనబడినా ఖాళీ కాదు. అది వారి జీవనాధారం, తరతరాలుగా వారు వాడుకుంటున్న నేల. మనం అక్కడికి గంటసేపు వచ్చే అతిథులం. వారి వలల మీద చాపలు పరచడం, పడవల నీడలో సీసాలు వదలడం తాడు కట్టిన ఆ పెద్దమనుషుల పని కంటే మంచిదేమీ కాదు. తాడు కట్టినవారితో నువ్వు ఒంటరిగా వాదనకు దిగకు. పంచాయతీకి గానీ, సమీపంలోని పోలీసులకు గానీ తెలియజేయి.

ప్రశ్న: సంక్రాంతికి అందరం కలిసి పద్నాలుగు మందిమి ఒక రిసార్ట్‌కు వెళ్తున్నాం. ఇద్దరు పెద్దవాళ్లు, అయిదుగురు పిల్లలు ఉన్నారు. కొలను దగ్గర ఎవరికీ ఇబ్బంది కలగకుండా ఉండాలంటే ఎన్ని కుర్చీలు తీసుకోవాలి?
– ఒక గృహిణి, కందుకూరు

జవాబు: గదులు బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి, ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నారనీ, నీడలో చేతుల కుర్చీలు రెండు కావాలనీ చెప్పి ఉంచండి. కొలను దగ్గర కుర్చీల నియమం ఏమిటో, పగటి బృందాలు వస్తాయో లేదో అప్పుడే అడగండి. పెద్దవాళ్లిద్దరికీ ఆ రెండు, పిల్లలను చూసుకునేవారికి రెండు, మొత్తం నాలుగు చాలు. మిగిలినవారు వంతులవారీగా కూర్చోండి. సంక్రాంతి రోజులలో ఉదయపు చలి వల్ల తొమ్మిది దాకా నీళ్లలో దిగేవారు తక్కువ కనుక, ముందుగా వెళ్లి పట్టవలసిన అవసరమే ఉండదు. టిఫిన్‌కు అందరూ కలిసి లేచేటట్లయితే తువ్వాళ్లు, సంచులు మీతో తీసుకుపోయి, నాలుగు కుర్చీలూ వదిలేసి వెళ్లండి. తిరిగి వచ్చాక ఖాళీ ఉన్నవి తీసుకోండి. లేకపోతే కౌంటరులో అడగండి.